లెక్కలు తప్పి సోషియాలజీకి వచ్చిన అబ్బాయి: ఒక కమ్యూనిటీ కాలేజీ కేస్ స్టడీ

కాలిఫోర్నియాలో శాన్ హోజే చుట్టుపక్కల ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను సోషియాలజీ చెబుతాను. పాఠాలతో పాటు ఈ సబ్జెక్టును మేజర్‌గా, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుగా, తీసుకోవాలనుకునే పిల్లలకు సలహాలు ఇచ్చే బాధ్యత కూడా ఉంది. ఈ కేసు రాయడానికి విద్యార్థి ఒప్పుకున్నాడు, డ్రాఫ్టు చదివి రెండు చోట్ల సరిచేశాడు కూడా. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పేరు పెట్టకుండా 'అబ్బాయి' అనే రాస్తాను.

కంప్యూటర్ సైన్స్ అని చేరి, కాలిక్యులస్‌లో దెబ్బతిని, 'నేను సోషియాలజీకి మారిపోతాను ప్రొఫెసర్' అంటూ వచ్చిన కుర్రాడికి ఏం చెప్పాలన్నది ఇక్కడ నా ముందున్న ప్రశ్న. మేజర్ మార్చుకోవడం ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల పని. అయితే సబ్జెక్టు నచ్చి మారేవాడూ, లెక్కల భయంతో మారేవాడూ నొక్కేది అదే బటన్. చెప్పే మాటలు కూడా దాదాపు ఒకటే: 'నాకు మనుషులంటే ఇంట్రెస్ట్.' సలహా ఇచ్చేవాళ్ళు ఆ మాట విని సంతోషపడి పంపించేస్తే, రెండేళ్ళ తర్వాత ఆ పిల్లవాడు నష్టపోయాడో లేదో చూడటానికి మన ముందు ఉండడు. అందుకే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

కాలేజీ గురించి కొంచెం

ఇండియాలో ఉన్న పాఠకులకు కమ్యూనిటీ కాలేజీ అంటే చప్పున అర్థం కాకపోవచ్చు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరినట్టుగా, ఇక్కడ రెండేళ్ళ చదువు, అంటే 60 యూనిట్లు పూర్తి చేసి యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్ళొచ్చు. ఎంట్రన్స్ టెస్టులు లేవు, సీట్ల కోసం కొట్లాట లేదు. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైన ఈ పద్ధతి కాలిఫోర్నియాలో బాగా విస్తరించింది. ఇప్పుడు రాష్ట్రంలో 116 కాలేజీలున్నాయి. రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచీ అదే. మొత్తం 60 యూనిట్లకు 2,760 డాలర్లు. ఒక సెమిస్టర్ పుస్తకాలకే అందులో పెద్ద ముక్క పోయేది కాబట్టి మాలాంటి టీచర్లం చాలామందిమి ఉచితంగా దొరికే ఆన్‌లైన్ పాఠ్యపుస్తకాలకు మారిపోయాం.

నా సాయంత్రం క్లాసులో ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటారు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళుంటారు, పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చే తల్లులుంటారు. సామాజిక వర్గం గురించి పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకాయన లేచి తన జీతం చీటీ వివరాలు చెప్పి 'మరి నేను ఏ క్లాస్?' అని అడుగుతాడు. సోషియాలజీ చెప్పడానికి ఇంతకన్నా మంచి గది నేను చూడలేదు. ఈ మాట పెద్ద యూనివర్సిటీలలో కూడా చెప్పిన అనుభవంతోనే అంటున్నాను.

ఈ కాలేజీల గురించి సోషియాలజీలో ఒక ప్రసిద్ధ వాదన ఉంది. అది పుట్టింది కూడా మా ఊళ్ళోనే. 1950లలో బర్టన్ క్లార్క్ అనే సోషియాలజిస్టు శాన్ హోజేలోని జూనియర్ కాలేజీని (కమ్యూనిటీ కాలేజీలకు అప్పటి పేరు) అధ్యయనం చేసి 1960లో ఫలితాలు అచ్చువేశాడు. అదే ఏడాది కాలిఫోర్నియా ప్రభుత్వం ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ తెచ్చి, జూనియర్ కాలేజీల తలుపులు అందరికీ తెరిచే ఉండాలని ఖాయం చేసింది. ఆ తెరిచిన తలుపు లోపల ఏం జరుగుతోందో క్లార్క్ చూశాడు. ఇంజినీర్ అవుతానని వచ్చిన కుర్రాడిని ఎవరూ 'నీవల్ల కాదు' అని మొహం మీద అనరు. టెస్టు పెడతారు, కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు, కాలేజీని పరిచయం చేసే కోర్సు పెడతారు, మార్కులు తగ్గితే నోటీసులు పంపుతారు, చివరికి ప్రొబేషన్. ఒక్కో మెట్టూ దిగుతూ ఆ కుర్రాడే 'నాకు ఇది కాదులే' అనే స్థితికి వస్తాడు. దీనికి క్లార్క్ పెట్టిన పేరు 'కూలింగ్ ఔట్', అంటే చల్లబరచడం. ఆ మాటను ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు 1952లో రాసిన వ్యాసం నుంచి తీసుకున్నాడు. మోసపోయినవాడు గొడవ చేయకుండా మోసగాడి మనిషి ఒకడు పక్కన కూర్చుని ఓదార్చడం గురించిన వ్యాసం అది. క్లార్క్ ఈ పద్ధతిని తప్పుపట్టలేదు, సమాజానికి అవసరమేనన్నాడు. 1972లో జెరోమ్ కారబెల్ లాంటివాళ్ళు వచ్చి, చల్లబడేది ఎక్కువగా పేద, శ్రామిక కుటుంబాల పిల్లలేనని గట్టిగా ఎదురుచెప్పారు.

నేను మొదటి సెమిస్టర్ విద్యార్థులకు ఈ వాదనను చెప్పి తీరుతాను. తాము కూర్చున్న కుర్చీ గురించి వాళ్ళకు తెలియాలి. సలహాలిచ్చే నాకు కూడా అది ప్రతిసారీ గుర్తుండాలి, ఎందుకంటే ఆ ఓదార్చే మనిషి ఉద్యోగంలో ఇప్పుడు ఉన్నది నేనే.

అబ్బాయి

ఇక్కడే పుట్టాడు. తండ్రిది మేడ్చల్ వైపు, తల్లిది ఖమ్మం. హైస్కూల్ అయ్యాక యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్ ఒకదానిలో సీటు వచ్చినా, ఇంట్లో లెక్కలు వేసుకుని కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. మొదటి ఏడాది కాలిక్యులస్ ఒకటో కోర్సులో సి, రెండోదాంట్లో డి. రెండో ఏడాది ఫాల్ సెమిస్టర్‌లో రెండో కోర్సును మళ్ళీ తీసుకుని మధ్యలో వదిలేశాడు. అదే సెమిస్టర్‌లో, జనరల్ ఎడ్యుకేషన్ కోసం ఏదో ఒక సోషల్ సైన్స్ కావాలి కాబట్టి, నా ఇంట్రడక్షన్ టు సోషియాలజీలో చేరాడు.

మొదట్లో అతను మాట్లాడేవాడు కాదు. కదిలింది సామాజిక స్తరీకరణ, అంటే సమాజం పై మెట్లు కింది మెట్లుగా విడిపోవడం, గురించిన పాఠం దగ్గర. అమెరికన్ పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. వర్గం తెరిచి ఉన్న వ్యవస్థ, కులం మూసి ఉన్న వ్యవస్థ, రెండోదానికి ఉదాహరణ ఇండియా, రెండు పేరాలు, ఒక ఫొటో. క్లాసులో ఉన్న ఒక్క తెలుగు కుర్రాడి వైపు అందరూ తిరుగుతారు. నేను ఆ రెండు పేరాలతో ఎప్పుడూ ఆపను. 1916లో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ అంబేడ్కర్ చదివిన పత్రంలో, కులమంటే తలుపులు మూసుకున్న వర్గమేనన్న వాదన ఉంది. అది చెబుతాను. సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన ఆధిపత్య కులం, అంటే ఊళ్ళో జనబలం, భూమి ఉన్న కులం, గురించి చెబుతాను. 2023లో కులవివక్షపై కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వీటో చేసిన సంగతి కూడా చెప్పి, రెండు వైపుల వాదనలూ చదివిస్తాను. ఆ వారం అబ్బాయి క్లాసు అయ్యాక ఆగిపోయి, 'మా ఇంట్లో ఈ టాపిక్ ఎప్పుడూ రాలేదు. నిన్న డిన్నర్‌లో అడిగితే డాడీ టీవీ సౌండ్ పెంచారు. అది కూడా డేటానేనా?' అని అడిగాడు.

డేటానే. కానీ ఒక్క ఇంటి డేటా. అక్కడి నుంచి అతనితో నా పని మొదలైంది.

ఒక టైమ్ డైరీ

నా ఇంట్రో క్లాసులో అందరూ ఒక వారం పాటు గంట గంటకూ ఏం చేశారో రాయాలి. తర్వాత దాన్ని అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2003 నుంచి ఏటా చేస్తున్న టైమ్ యూజ్ సర్వేతో పోల్చుకోవాలి. ఎవరి సమయం ఎవరి చేతిలో ఉందో అర్థం చేసుకోవడం దాని ఉద్దేశం. అబ్బాయి డైరీలో ఒక బుధవారం ఇలా ఉంది:

3:20 లేవడం. 4:00 నుంచి 8:30 స్టోర్‌లో లోడ్ దించడం, షెల్ఫులు నింపడం. 9:30 కాలిక్యులస్ (ఇంకా వదిలెయ్యలేదు). 11:15 ఫిజిక్స్. 12:40 నుంచి 2:00 పార్కింగ్‌లో కారులో నిద్ర. 2:30 ల్యాబ్. 6:00 చెల్లిని డాన్స్ క్లాసు నుంచి తీసుకురావడం. 9:00 హోంవర్క్. 9:25 నిద్ర.

వారానికి 28 గంటల పని. మిగతావాళ్ళ డైరీల్లో కూడా ఉద్యోగాలుంటాయి, అది మా కాలేజీలో మామూలే. నన్ను ఆపింది ఆ చివరి రెండు లైన్లు. హోంవర్క్‌కి 25 నిమిషాలు ఇచ్చి కాలిక్యులస్ తప్పిన పిల్లవాడి గురించి 'లెక్కలు రావు' అనే నిర్ణయానికి ఎవరైనా ఎలా వస్తారు? అతనే వచ్చేశాడు. తనకు బుర్ర లేదనుకున్నాడు. అంతకుముందు బయట ఒకచోట సలహాకి వెళితే 'లెక్కలు లేని మేజర్ చూసుకో, హ్యాపీగా ఉంటావు' అన్నారట. ఆ అన్నవాళ్ళు మంచి మనసుతోనే అని ఉంటారు. క్లార్క్ వర్ణించిందీ మంచి మనుషుల్నే.

ఎందుకు అంత పని చేస్తున్నావని అడిగితే చాలాసేపటికి చెప్పాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన టెక్ లేఆఫ్‌లలో తండ్రి ఉద్యోగం పోయింది. తర్వాత చిన్న చిన్న కాంట్రాక్టులు. బంధువులకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. వారాంతాల్లో పార్టీలకు వెళుతూనే ఉన్నారు. కారు ఇన్సూరెన్సు, తన ఫోను, చెల్లి క్లాసుల ఫీజు అబ్బాయి కడుతున్నాడు.

అప్పటికి క్లాసులో సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ పాఠం అయిపోయింది. ఒక మనిషి ఉద్యోగం పోతే అది అతని సొంత ఇబ్బంది, లక్షలమందికి పోతే అది సమాజం ప్రశ్న అని 1959లో ఆయన చేసిన వాదన పరీక్షలో అందరూ రాశారు. అబ్బాయి కూడా రాశాడు, పూర్తి మార్కులు వచ్చాయి. తన కాలిక్యులస్ గ్రేడును దాని పక్కన పెట్టి చూడటం మాత్రం ఆ డైరీ ముందు కూర్చున్నాకే జరిగింది.

ఏం చేశాం

మేజర్ మార్చుకోవడం వాయిదా వేయమన్నాను. ముందు కారణం తీసేద్దాం, తర్వాత కూడా ఇదే కావాలనిపిస్తే అప్పుడు మారు అని చెప్పాను. అతనికి నచ్చలేదు. వచ్చిన దారిని నేను మూసేస్తున్నాననుకున్నాడు.

మొదటి పని డబ్బు. ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తులో తల్లిదండ్రుల ఆదాయం రెండేళ్ళ వెనకటి పన్ను లెక్కల నుంచి తీసుకుంటారు. అంటే తండ్రికి మంచి జీతం ఉన్న రోజుల లెక్క. దాని ప్రకారం ఈ కుటుంబానికి సాయం అక్కర్లేదు. ఉద్యోగం పోతే కాగితాలు చూపించి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును మళ్ళీ లెక్కకట్టమని అడగొచ్చు, దాన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. మన తెలుగు కుటుంబాల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు. తెలిసినా అడగరు. లేఆఫ్ లెటర్ ఇంకో ఆఫీసులో చూపించడం పరువు తక్కువనుకుంటారు. ఈ ఇంట్లోనూ ఆ లెటర్ బయటికి రావడానికి వారాలు పట్టింది. వచ్చాక పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయం, వచ్చింది, కాలేజీ ఫీజు మాఫీ అయింది. అబ్బాయి పని 12 గంటలకు తగ్గించుకున్నాడు, అదీ సాయంత్రాలు.

రెండోది కాలిక్యులస్. ఇక్కడ అప్పటి నిబంధన కఠినంగా ఉండేది. గ్రేడు సరిగా రాని కోర్సును మామూలుగా మూడుసార్లకు మించి తీసుకోనిచ్చేవారు కాదు, మధ్యలో వదిలేసినదీ ఒక ప్రయత్నమే. అబ్బాయికి మిగిలింది ఒక్కటే. స్ప్రింగ్‌లో ట్యుటోరియల్ సెంటర్‌లో వారానికి మూడు గంటలు పెట్టుకుని మళ్ళీ తీసుకున్నాడు. బి వచ్చింది. పాత డి స్థానంలో ఇది లెక్కలోకి వచ్చి జీపీఏ కూడా లేచింది.

మూడోది, అదే స్ప్రింగ్‌లో సోషల్ సైన్సెస్ స్టాటిస్టిక్స్ తీసుకోమన్నాను. సోషియాలజీ అంటే లెక్కలు తప్పించుకునే దారి అనుకుని వచ్చేవాళ్ళకు ఇది చాలా ఉపయోగపడుతుంది. ఈ మేజర్‌లో స్టాటిస్టిక్స్ ఉంది, రిసెర్చ్ మెథడ్స్ ఉంది, రెండూ చెమటలు పట్టిస్తాయి. ఆ రెండూ దాటాక కూడా నచ్చితే అది నచ్చడమే. అతనికి కై-స్క్వేర్ పరీక్ష (కనిపించే తేడా యాదృచ్ఛికమా అని చూసే లెక్క) దగ్గర బాగా తికమక వచ్చింది. 'తేడా ఉంది' అనడానికీ 'తేడా యాదృచ్ఛికం కాకపోవచ్చు' అనడానికీ మధ్య దూరం చాలాకాలం ఎక్కలేదు. ఎక్కాక అది అతని రాతలో కనిపించింది, 'ఇండియన్ పేరెంట్స్ అందరూ' అని మొదలయ్యే వాక్యాలు ఆగిపోయాయి.

పాట్‌లక్‌లో ఒక సాయంత్రం

ఆ వాక్యం నిజానికి ఫాల్‌లో పరిశీలన అసైన్‌మెంట్‌కి అతను రాసిన మొదటి వాక్యం. 'ఇండియన్ పేరెంట్స్ అందరూ పిల్లల్ని పోలుస్తారు.' పక్కన రాశాను: ఎవరు, ఎవరితో, ఏ మాటలతో, నువ్వు ఎక్కడ నిలబడి విన్నావు? తిరిగి రాయమన్నాను. ఒక ఇంట్లో జరిగే పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి, ఆ ఇంటివాళ్ళ అనుమతి తీసుకుని, పేర్లు రాయకుండా, రికార్డు చేయకుండా గమనించి రమ్మన్నాను.

రెండోసారి తెచ్చినది చదివి నేను స్టాఫ్ రూమ్‌లో ఇద్దరికి చూపించాను. యూనివర్సిటీలో చదివే పిల్లల్ని 'ఎక్కడ చదువుతున్నావ్ నాన్నా?' అని అడిగితే పిల్లలే జవాబిస్తున్నారట. కమ్యూనిటీ కాలేజీలో చదివే పిల్లల్ని అడిగితే చాలాసార్లు అమ్మో నాన్నో జవాబిస్తున్నారు. జవాబులో ముందు వచ్చేది వెళ్ళబోయే యూనివర్సిటీ పేరు, 'ట్రాన్స్‌ఫర్ అవుతున్నాడు' అనే మాట. ఇప్పుడు చదువుతున్న కాలేజీ పేరు అడిగితే తప్ప రాదు. ఆ జవాబు వచ్చేటప్పుడు పిల్లలు ప్లేటు వైపు చూస్తున్నారు లేదా ఫోన్ తీస్తున్నారు. ఒకచోట మాత్రం ఒక అమ్మాయి తండ్రి మాటకు అడ్డం వచ్చి కాలేజీ పేరు గట్టిగా చెప్పింది. ఆ ఒక్క సందర్భాన్ని అబ్బాయి దాచకుండా రాశాడు. తన వాదనకు అడ్డం వచ్చే సాక్ష్యాన్ని కాగితం మీద పెట్టిన విద్యార్థి ఈ సబ్జెక్టులో నిలబడతాడని నా నమ్మకం.

మూడో ఏడాది ఫాల్‌లో రిసెర్చ్ మెథడ్స్ ప్రాజెక్టుగా దీన్నే పెంచాడు. కమ్యూనిటీ కాలేజీల్లో చదివే కొందరు తెలుగు విద్యార్థులను అనుమతి పత్రం తీసుకుని ఇంటర్వ్యూ చేశాడు. అందరూ స్నేహితుల ద్వారా దొరికినవాళ్ళే, అందరూ బే ఏరియానే. ఆ పరిమితి గురించి ఒక పేజీ రాయించాను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల గురించి ఈ ఇంటర్వ్యూలు ఏమీ చెప్పలేవని ఒప్పుకోవడం అతనికి బాధగానే అనిపించింది. ఇంకా మంచి ప్రశ్న ఒకటి అక్కడే దొరికింది: కాలేజీ పేరు దాచడానికీ ఇంటి ఆర్థిక పరిస్థితి దాచడానికీ సంబంధం ఉందా? దాన్ని అతను యూనివర్సిటీకి తీసుకెళ్ళాడు.

తల్లిదండ్రులు

మధ్యలో తండ్రి నుంచి ఈమెయిల్ వచ్చింది. 'మీరు తెలుగువారే కాబట్టి అడుగుతున్నాను మేడమ్, మా వాడు ఎలా చదువుతున్నాడు?' ఇండియాలో అయితే ఇందులో ఆలోచించాల్సింది లేదు. ఇక్కడ 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి వివరాలు అతని లిఖితపూర్వక అనుమతి లేకుండా తల్లిదండ్రులకైనా మామూలుగా నేను చెప్పకూడదు. ఆ మాటే మర్యాదగా రాశాను. ఆయనకు కష్టం కలిగిందని తెలుసు. అబ్బాయిని అడిగితే వారం ఆలోచించుకుని అనుమతి ఫారం ఇచ్చాడు, తను కూడా గదిలో ఉంటానన్న షరతుతో.

ముగ్గురూ వచ్చారు. తండ్రి నేరుగా విషయానికి వచ్చారు.

'మా రోజుల్లో సోషియాలజీ అంటే సివిల్స్‌కి ఆప్షనల్‌గా తీసుకునేవాళ్ళు మేడమ్. దాంతో ఈ దేశంలో ఏం చేస్తాడు?'

'వాడికి లెక్కలు రావని కాదు కదండీ,' అన్నారు తల్లి. 'మొన్న బి తెచ్చుకున్నాడు. మరి ఇప్పుడు ఎందుకు మారడం?'

ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఈ కేసు మొత్తం అక్కడే ఉంది. కాలిక్యులస్ పాసయ్యాక ఇంట్లో అందరూ హమ్మయ్య, ఇక కంప్యూటర్ సైన్స్ అనుకున్నారు. అబ్బాయి మాత్రం పాసయ్యాక వచ్చి, 'ఇప్పుడు మారొచ్చా?' అన్నాడు. అందుకే నేను జవాబు చెప్పకుండా అతని వైపు చూశాను. 'ఫెయిలయ్యి మారితే నేను జీవితాంతం డౌట్ పడేవాణ్ణి మమ్మీ,' అన్నాడు తెలుగులో.

ఉద్యోగాల గురించి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. సోషియాలజిస్టు అనే పేరుతో ఉద్యోగం కావాలంటే సాధారణంగా మాస్టర్స్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. బ్యాచిలర్స్‌తో సోషల్ సర్వీసులు, హెచ్‌ఆర్, మార్కెట్ రిసెర్చ్, ప్రజారోగ్యం వైపు వెళతారు, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు. తల్లి, 'మా ఆడపడుచు కూతురు ఎంక్యాట్ కోసం సోషియాలజీ తీసుకుంది, మెడిసిన్‌కి పనికొస్తుందట కదా?' అని అడిగారు. నిజమే, 2015 నుంచి మెడికల్ ఎంట్రన్స్‌లో మనస్తత్వ, సామాజిక శాస్త్రాల విభాగం చేర్చారు. కానీ అబ్బాయి డాక్టరు కావాలనుకోవడం లేదు. ఆ ఆశ చూపించి వాళ్ళను ఒప్పించడం నాకు ఇష్టం లేదు, అదీ చెప్పాను.

మాటల్లో తండ్రి ఊరు వచ్చింది. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటలో చేసిన గ్రామ అధ్యయనం సోషియాలజీలో ఇప్పటికీ చదువుతారని చెప్పాను. ఆయన, 'శామీర్‌పేటా? మాకు పక్కనే కదా,' అని కుర్చీలో ముందుకు వంగారు. ఊళ్ళో ఎవరెవరు ఏం పని చేసేవాళ్ళో, ఎవరి ఇంట్లో ఎవరు నీళ్ళు తాగేవాళ్ళు కాదో కాసేపు చెప్పారు. డిన్నర్‌లో టీవీ సౌండ్ పెంచిన మనిషే ఆయన. అబ్బాయి నోట్‌బుక్ తీయబోయి ఆగిపోయి, 'డాడీ, రాసుకోవచ్చా?' అని అడిగాడు. మేజర్ విషయంలో ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు. 'చూద్దాం' అన్నారు.

దారి, ఫలితం

సోషియాలజీలో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ, అంటే ఏఏ-టీ, 2010లో వచ్చిన చట్టం పుణ్యమా అని చాలా సాఫీగా ఉంటుంది. ఆ డిగ్రీతో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట మూడో ఏడాదిలో చోటు గ్యారంటీ. యూసీల విషయంలో ఆరు క్యాంపస్‌లకు, అంటే డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకు, ట్యాగ్ అనే గ్యారంటీ ఒప్పందం ఉంది. సెప్టెంబరులో పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలస్, శాన్ డియేగోలకు అది లేదు. ఏ కోర్సు ఎక్కడ పనికొస్తుందో అసిస్ట్ వెబ్‌సైట్లో క్యాంపస్ వారీగా చూసుకోవాలి. స్నేహితుడు తీసుకున్నాడని తీసుకుంటే యూనిట్లు వృథా అవుతాయి.

అబ్బాయికి మూడేళ్ళు పట్టింది. 'రెండేళ్ళ కాలేజీలో మూడేళ్ళా?' అని బంధువులు అన్నారట. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు ఇది మామూలేనని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నేను ఎక్కడైనా చెబుతాను. ట్యాగ్ ఉన్న క్యాంపస్‌లలో ఒకదానిలో సోషియాలజీ మేజర్‌గా చేరాడు, అక్కడ మొదటి ఏడాది పూర్తయింది. తండ్రికి మళ్ళీ స్థిరమైన ఉద్యోగం దొరికింది. ఆయన ఇప్పటికీ మేజర్ గురించి పూర్తిగా సమాధానపడలేదని అబ్బాయి చెప్పాడు, డ్రాఫ్టులో ఆ మాట ఉండాలని పట్టుబట్టాడు.

ఇది కూలింగ్ ఔట్ కాదని నేను అనుకోవడానికి కారణం ఫలితం కాదు. యూసీలో సీటు రాకపోయినా అదే అనేదాన్ని. కంప్యూటర్ సైన్స్ తలుపు అతని ముందు మళ్ళీ తెరుచుకుంది, అది తెరిచి ఉండగానే ఇటు వచ్చాడు. ఇప్పుడు మేజర్ మార్చుకుంటామని వచ్చే ప్రతి విద్యార్థి దగ్గరా నేను ముందు టైమ్ డైరీ అడుగుతున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ ఆ తర్వాతే.

అయితే ఈ కేసును అందరికీ అతికించలేం. అబ్బాయి ఇక్కడ పుట్టాడు కాబట్టి పెల్ గ్రాంట్ వచ్చింది, మూడో ఏడాది తీసుకునే వెసులుబాటు దొరికింది. ఈ సెమిస్టర్ నా దగ్గరకు వచ్చిన మరో తెలుగు విద్యార్థినిది హెచ్-4 వీసా, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబసభ్యులకు ఇచ్చే వీసా. వయసు 19. ఫెడరల్ సాయానికి అర్హత లేదు. 21 నిండేలోపు ఇంట్లో గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారాలి, అప్పుడు ఫీజు రాష్ట్రవాసుల ఫీజు కాదు. ఎఫ్-1 మీద డిగ్రీ అయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) మేజర్లకు ఉద్యోగ అనుమతి మరో 24 నెలలు పెరుగుతుంది, సోషియాలజీకి ఆ పెంపు లేదు. 'ముందు కారణం తీసేద్దాం' అని ఆమెను ఒక సెమిస్టర్ ఆపడం ఖరీదైన సలహా అవుతుంది. ఆమెకు సబ్జెక్టు నిజంగా ఇష్టం, ఇంట్రోలో రాసిన పేపర్లు బాగున్నాయి. ముందు ఇమిగ్రేషన్ లాయరును కలిసి తేదీలు తెలుసుకుని రమ్మన్నాను. ఈలోగా వేసవి సెషన్‌లో స్టాటిస్టిక్స్, ఫాల్‌లో రిసెర్చ్ మెథడ్స్ పెట్టి, మూడు నెలలు ముందే 60 యూనిట్లు పూర్తయ్యేలా ఒక ప్లాన్ గీసి ఇచ్చాను.